పది గంటల లెక్క

మోటారు వాహనము నడుపుట మన పాఠ్యప్రణాళికలో లేని విద్య. తెలుగు అధ్యాపకులు దానిని గురించి వార్షిక సంచికలో వ్రాయుట ఏమి ఔచిత్యమని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. అయితే ఈ విద్యకు కూడ ఒక హాజరు పట్టిక కలదు. దానిపై గురువు సంతకము, శిష్యుని సంతకము ఉండవలెను. ఇన్ని గంటలు పూర్తి కావలెనను నియమము కూడ కలదు. పది సంవత్సరములకు పైగా హాజరు పట్టికను బల్లపై ఉంచుకొని పేర్లు పిలుచుచున్న మేము, 2024లో బల్లకు రెండవ వైపున కూర్చొన్నాము. అక్కడ మేము చేసిన పని ఒకటి మాకే నచ్చలేదు. దానిని దాచక, ఆ సందర్భమున తెలిసికొన్న నియమములతో సహా ఇక్కడ వ్రాయుచున్నాము.

మేము ముదినేపల్లి వాస్తవ్యులము. పామర్రు నుండి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, భీమవరముల మీదుగా దిగమర్రు పోవు 165వ జాతీయ రహదారి మా ఇంటికి నడక దూరములోనే ఉన్నది. మా తమ్ముడు కువైటులో డ్రైవరు. సెలవులో వచ్చినప్పుడు కొన్న పాత కారు ఒకటి మా పెరటిలో రేకుల పంచ క్రింద ఉన్నది. ఆ సంవత్సరము జూలై నెలలో ఒక రాత్రి రెండు గంటలకు అమ్మీజాన్‌కు ఆయాసము హెచ్చినది. అంబులెన్సు అప్పటికే మరొక రోగిని తీసుకొని వెళ్ళి ఉన్నది. అద్దె కారు దొరుకుటకు గంటన్నర పట్టినది. ఆ గంటన్నరయు మేము ఆమె వీపు నిమురుచు అరుగుపై కూర్చొన్నాము. ఎదురుగా తాళము వేసిన కారు ఉన్నది. తాళపు చెవి మా జేబులోనే ఉన్నది. ఇంటిలో డ్రైవరు ఉన్నాడు గాని సముద్రమునకు ఆవల ఉన్నాడు. అమ్మీజాన్ మూడవ నాటికి కోలుకొన్నది. ఎం.ఏ. పట్టము పొందిన కుమారుడు ఉండియు ప్రయోజనము లేకపోయెనే అని ఆమె అనలేదు. మేమే అనుకొన్నాము. ముప్పది ఆరవ ఏట డ్రైవింగు నేర్చుకొనుటకు కారణము ఇది.

ఇక నియమముల సంగతి. మన దేశములో మోటారు వాహనముల చట్టము మొదట 1914లో వచ్చినది, పిమ్మట 1939లో మార్చినారు. ఇప్పుడు అమలులో ఉన్నది 1988 నాటి చట్టము. ఇది 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. దానితోపాటు కేంద్ర మోటారు వాహన నియమావళి వచ్చినది. కారు నేర్చుకొనగోరువానికి 18 ఏండ్లు నిండవలెను. ముందుగా అభ్యాసకుని లైసెన్సు తీసుకొనవలెను. మన ప్రాంతములో అందరును దీనిని ఎల్‌ఎల్‌ఆర్ అందురు. దాని ఆయువు ఆరు నెలలు. అది తీసుకొన్న తరువాత 30 రోజులు గడచినగాని అసలు పరీక్షకు పోరాదు. ఆ కాలములో అభ్యాసకుడు ఒంటరిగా కారు నడపరాదు. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు గల శిక్షకుడు ప్రక్కన ఉండవలెను. ఊరక ఉండుట చాలదు, బండిని అదుపు చేయుటకు గాని ఆపుటకు గాని వీలైన చోట కూర్చొనవలెను. బండికి ముందు వెనుకల తెల్లని ఫలకముపై ఎఱ్ఱని ఎల్ అక్షరము ఉండవలెను. ఫలకము 18 సెంటీమీటర్ల చదరము. అక్షరము ఎత్తు 10 సెంటీమీటర్లకు, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఈ ఎల్ ఫలకము బ్రిటనులో డ్రైవింగు పరీక్ష నిర్బంధమైన 1935వ సంవత్సరమున పుట్టినది. మన వీధులలో దీనిని చూచినవారు జాలిగా తప్పుకొందురు, లేదా హారను మ్రోగింతురు. రెండవ వారే ఎక్కువ.

గంటల లెక్క మాత్రము చాలమందికి తెలియదు. మాకును తెలియదు. డ్రైవింగు స్కూలులో చేరినవానికి సొంత వాహనముల తరగతిలో శిక్షణ 21 రోజులకు తగ్గరాదని, అందులో స్టీరింగు చేతపట్టి నిజముగా నడిపిన కాలము 10 గంటలకు తగ్గరాదని నియమావళిలోని 31వ నియమము చెప్పుచున్నది. రోజుకు అరగంట చొప్పున నడిపినచో 21 రోజులకు పదిన్నర గంటలు అగును గనుక ఇది చేయదగిన పనియే. నడిపిన గంటలను వ్రాయుటకు ఫారము 15 అను పట్టిక కలదు. తేది, ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు, ఏ తరగతి వాహనము, శిక్షకుని సంతకము, అభ్యాసకుని సంతకము, ఇవి దానిలోని గడులు. శిక్షణ ముగిసిన పిమ్మట స్కూలువారు ఫారము 5లో ధ్రువపత్రము ఇత్తురు. ఇందులో ఒక వింత ఉన్నది. ఈ పది గంటలు స్కూలునకు విధించిన నియమము. అన్నగారి వద్దనో మేనమామ వద్దనో నేర్చుకొని సొంత కారు లైసెన్సునకు పోవువానిని ఎన్ని గంటలు నడిపితివని అడుగు కాగితమేదియు లేదు. రవాణా వాహనముల లైసెన్సు కోరువాడు మాత్రము స్కూలు ధ్రువపత్రము జతచేయవలెను. అనగా లెక్క ఉన్నచోట పట్టిక ఉన్నది, పట్టిక లేనిచోట లెక్కయే లేదు.

ఆగస్టు 12న మాకు ఎల్‌ఎల్‌ఆర్ వచ్చినది. దాని గడువు 2025 ఫిబ్రవరి 11. ఆగస్టు 26న సమీప పట్టణములోని ఒక స్కూలులో చేరితిమి. దాని పేరు ఇక్కడ అనవసరము. రుసుము కట్టిన పిమ్మట గుమాస్తా పట్టికను ముందుంచి, "సార్, ఇరవయ్యొక్క సంతకాలూ ఇప్పుడే పెట్టేయండి. రోజూ పుస్తకం వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు. గడులలో వేళలు ముందే నింపి ఉన్నవి. మేము కలము తీసి వరుసగా ఇరువది ఒక్క సంతకములు పెట్టితిమి. చేయి నొప్పి పుట్టినదేగాని మనస్సులో ఏమియు కలుగలేదు. మా తరువాత వంతు మన కళాశాలలోనే చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థిది. అతడు మమ్ము చూచి లేచి నిలబడి, "ఆదాబ్ సార్" అని, మేము పెట్టిన విధముననే తానును పెట్టినాడు.

మరునాడు తెలిసినది, ఒక్కొక్క గంటకు కారులో మేము అయిదుగురము. ముందు ఒకడు, వెనుక నలుగురు. గంటను అయిదు భాగములు చేయగా ఒక్కొక్కరికి పండ్రెండు నిమిషములు. పట్టికలో మాత్రము అయిదుగురకును అదే గంట పడును. స్కూలు కారులో శిక్షకుని కాళ్ళ వద్ద కూడ క్లచ్చి, బ్రేకు ఉండవలెనను నియమము ఉన్నది, అది ఉన్నది కూడ. కాని ఆ సదుపాయము వలన మాకు నష్టమే కలిగినది. కారు ఆగిపోకుండ ఆయన తన క్లచ్చి త్రొక్కును, మేము బాగుగా నడుపుచున్నామని మేము అనుకొందుము.

ఆరు రోజులు గడచినవో లేదో సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచినది. ఆ నీరు అక్కడితో ఆగునది కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగునవన్నియు కొల్లేరులోనికి వచ్చును. కొల్లేటి నుండి సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. కావున విజయవాడలో నీరు తీసిన పిమ్మట మా వైపున పెరుగుట ఆరంభించును. ఏలూరు కైకలూరు రహదారిపై ఎడ్లగాడి వద్ద నీరు పారి రాకపోకలు నిలచిపోయినవి. బస్సులు చుట్టు తిరిగి నడచినవి. మా పల్లెలలో కొన్నింటికి పడవయే దిక్కైనది. అటువంటి సమయములో డ్రైవింగు పాఠము తప్పినదని బాధపడుట సిగ్గుచేటు. నాలుగు రోజులు మేము పోలేకపోయితిమి. ఆ నాలుగు రోజులును పట్టికలో మేము హాజరైనాము, ఒక్కొక్క గంట నడిపినాము. మా సంతకములే సాక్ష్యము.

సెప్టెంబరు 15న శిక్షణ పూర్తియైనదన్నారు. మా జేబు పుస్తకములో వేసికొన్న లెక్క వేరుగా ఉన్నది. పదునేడు రోజులు, రోజుకు పండ్రెండు నిమిషములు, వెరసి 204 నిమిషములు. మూడు గంటల ఇరువది నాలుగు నిమిషములు. నియమము చెప్పిన దానిలో మూడవ వంతునకు కొంచెము హెచ్చు. గుమాస్తాతో ఈ మాట అన్నాము. ఆయన నొచ్చుకొనలేదు. "ఎవరూ అడగరు సార్. పరీక్షలో బండి ఆగకుండా తిప్పితే చాలు" అన్నాడు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. పట్టికలోని మా సంతకములు కొట్టివేయుడని కోరితిమి. పుస్తకము మూసివేసినామన్నాడు. అట్లు మూసిన పుస్తకములు మా వద్దను ఉండును గనుక మేము ఏమియు అనలేకపోయితిమి.

నాతో కూడ నేర్చుకొన్న ఆ విద్యార్థికి అక్టోబరు మొదటి వారములోనే లైసెన్సు వచ్చినది. తండ్రి లేని కుటుంబము. రాత్రి మూడు గంటలకు చేపల ట్రేలు నింపిన చిన్న వ్యాను నడిపి, తెల్లవారిన పిమ్మట కళాశాలకు వచ్చుచుండెను. కొన్నాళ్ళకు రాకపోకలు పలుచబడినవి. డిసెంబరులో మా గదికి వచ్చినాడు. హాజరు 75 శాతము ఉండవలెను, అతనికి 68 ఉన్నది. "కొన్ని పీరియడ్లు వేయండి సార్" అన్నాడు. అతని ముఖము చూడలేక కిటికీ వైపు చూచితిమి. మా ఇరువది ఒక్క సంతకములు అతడు చూచినాడు. అతడు ఆ మాట ఎత్తలేదు. ఎత్తినచో కోపగించుటకైనను వీలుండెడిది. లేని హాజరు వేయలేమని, మినహాయింపు కొరకు దరఖాస్తు పెట్టుమని, కారణము ఉన్నది ఉన్నట్లు వ్రాయుమని చెప్పి పంపితిమి. దరఖాస్తు తెచ్చినప్పుడు మేము సిఫారసు వ్రాసితిమి. ఆ సంతకము పెట్టునప్పుడు కలము బరువుగా ఉన్నది.

ఆనాటి తీర్పు ఒకటి విద్యార్థులు తెలిసికొనదగినది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, తేలికపాటి వాహనపు లైసెన్సు ఉన్నవాడు మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనమును కూడ నడపవచ్చునని, దానికి వేరుగా అనుమతి అక్కరలేదని నిర్ణయించినది. బతుకుతెరువు కొరకు నడుపువారికి ఇది మేలు. బీమా కంపెనీలు పరిహారము ఎగగొట్టుటకు ఉన్న ఒక సాకు పోయినది. అయితే మరొక వైపు చూడుడు. పండ్రెండేసి నిమిషముల శిక్షణతో వచ్చిన లైసెన్సు, ఐసుతో చేపలతో నిండిన వ్యానును జాతీయ రహదారిపై నడుపుటకు చాలును. తీర్పులో తప్పు లేదు. తప్పు ఎక్కడ ఉన్నదో మా జేబు పుస్తకములో ఉన్నది.

మన కుటుంబములలో ఈ విద్య వేరొక పద్ధతిలో వచ్చెడిది. లారీపై క్లీనరుగా చేరిన కుఱ్ఱవాడు డ్రైవరును ఉస్తాద్ అని పిలుచును. చక్రములు కడుగును, గాలి చూచును, ఇరుకు సందులలో దిగి వెనుకకు పలికించును. ఉస్తాద్ అలసినప్పుడు ఖాళీ రోడ్డుపై స్టీరింగు ఇచ్చును. మా తమ్ముడు ఆరు సంవత్సరములు అట్లు గడపినాడు. అతనికి పట్టిక లేదు, గంటలు లేవు. లెక్కించినచో వేలలో ఉండును. ఆ పద్ధతిని పొగడుట మా ఉద్దేశము కాదు. అందులో తిట్లు, దెబ్బలు, చదువు మానుట, లైసెన్సు లేక నడుపుట అన్నియు ఉన్నవి. కాని వాడు కారు ఎక్కినప్పుడు ముందుగా దిగి చుట్టు తిరిగి వచ్చును. మాకు స్కూలులో ఎవరును అది చెప్పలేదు.

మరొక చివర మా పినతండ్రిగారి మనుమరాలు. వారు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఉన్నారు. ఆ రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్సులో 25 ఏండ్ల లోపు అభ్యాసకుడు పరీక్షకు పోవలెనన్న 120 గంటలు పర్యవేక్షణలో నడిపి పుస్తకములో వ్రాయవలెను. అందులో 20 గంటలు రాత్రివేళవి కావలెను. 2007కు ముందు 50 గంటలే ఉండెడివి. లైసెన్సు గల శిక్షకుని వద్ద ఒక గంట నేర్చుకొన్నచో మూడు గంటలుగా లెక్కింతురు, అదియు 10 గంటల పాఠముల వరకే. మిగిలినదంతయు తల్లిదండ్రుల పని. ఆ ఇంటిలో శని ఆదివారములు అట్లే గడచినవట. సరుకులకు పోయినను, పెండ్లికి పోయినను ఆ బాలికయే నడుపును, తండ్రి ప్రక్కన కూర్చొని వేళ వ్రాయును. తండ్రీ కూతుళ్ళు అంతకుముందెన్నడును అన్ని గంటలు మాట్లాడుకొనలేదని మా పినతల్లిగారు ఫోనులో నవ్వినారు. మన దేశములోను 2021 జూలై 1 నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రములకు కొత్త నియమములు వచ్చినవి. అక్కడ తేలికపాటి వాహనమునకు నాలుగు వారములలో 29 గంటల శిక్షణ. 8 గంటలు పాఠము, 21 గంటలు అభ్యాసము. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా అధికారి వద్ద మరల నడిపి చూపు పరీక్ష ఉండదు. పదికి ఇరువది ఒకటి అయినది. పండ్రెండు నిమిషములను గంటగా వ్రాయు చేయి మారనిచో ఇరువది ఒకటియు మూడు నాలుగు గంటలే అగును.

మిగిలిన గంటలను ఎట్లయినను పూర్తిచేయవలెనని నిశ్చయించుకొన్నాము. మా మేనమామగారు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి పొందినారు. అడుగగానే అంగీకరించినారు. పెట్టెలోనుండి లైసెన్సు తీసి చూచుకొని, "బేటా, ఇది చచ్చిపోయింది" అన్నారు. గడువు తీరి రెండు నెలలైనది. ఇరువది ఎనిమిది సంవత్సరములు బస్సు నడిపినవారు, మా ప్రక్కన కూర్చొనుటకు ఆ నాటికి అర్హులు కారు. ఎవరు చూచెదరని మేము అనబోయి మానితిమి. గుమాస్తా మాట మా నోట వచ్చుచున్నదని గుర్తించితిమి. వైద్య ధ్రువపత్రము, దరఖాస్తు, ఏలూరునకు రెండు మారులు ప్రయాణము. 2022 ఏప్రిల్ 4న మా మండలము కృష్ణా జిల్లా నుండి కొత్త ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. గుడివాడ మాకు దగ్గరయే, అయినను ఇప్పుడు జిల్లా పనికి కొల్లేరు దాటి పోవలెను. ఆయన లైసెన్సు మరల చేతికి వచ్చుసరికి నవంబరు మూడవ వారము. మా ఎల్‌ఎల్‌ఆర్‌కు పన్నెండు వారములు కూడ మిగులలేదు.

తెల్లవారుజామున నమాజు కాగానే బయలుదేరెడివారము. మామూ మొదటి రోజున కారు కదలనీయలేదు. దిగి చుట్టు తిరుగమన్నారు. టైర్లు, క్రింద పడుకొన్న కుక్క, నూనె మరక, ఎల్ ఫలకములు. ఎక్కిన పిమ్మట అద్దములు. "అద్దంలో ముఖం కాదు, రోడ్డు కనబడాలి" అన్నారు. సొంత కారులో రెండవ క్లచ్చి లేదు. ఆయన కుడిచేయి హ్యాండు బ్రేకుపైననే ఉండెడిది. మొదటి ఉదయమున పదునాలుగు మారులు బండి ఆగిపోయినది. స్కూలులో మా కాలు చేసినదని మేము నమ్మిన పని శిక్షకుని కాలు చేసినదని అప్పుడు తెలిసినది.

మా ప్రాంతపు రోడ్డునకు తనవైన పాఠములు ఉన్నవి. ఇక్కడ కొండ లేదు. ఎత్తు అన్నది కాలువపై వంతెన వద్దనే. ఆ కొద్దిపాటి ఎత్తున ముందు లారీ ఆగినచో వెనుకకు జారకుండ నిలుపుట ఒక పరీక్ష. హాఫ్ క్లచ్చిపై నిలుపవలదని, హ్యాండు బ్రేకు వేసి, క్లచ్చి పట్టినప్పుడు బానెట్టు కొంచెము లేచుట చూచి, అప్పుడు బ్రేకు వదలుమని మామూ చెప్పినారు. ఆ లేచుట కంటికి తెలియుటకు మాకు మూడు ఉదయములు పట్టినది. నల్లరేగడిపై వేసిన రోడ్డు గనుక అలలుగా కుంగి ఉండును. వేగముగా పోయినచో స్టీరింగు తనంతట కాలువ వైపు లాగును. చేపల లారీల నుండి కారిన నీటితో రోడ్డు మధ్య ఒక తడి చార ఉండును. దానిపై గట్టిగా బ్రేకు త్రొక్కరాదు. సార్వా కోతల కాలమున సగము రోడ్డు కళ్ళమగును. ధాన్యము ఆరబోసి అంచున రాళ్ళు పేర్చెదరు. తెల్లవారుజామున ఆ రాళ్ళు కనబడవు, పట్టా కప్పిన ధాన్యపు రాశి కూడ కనబడదు. కోత యంత్రము ఎదురైనచో అది దిగదు, మనమే దిగవలెను. దిగుటకు ముందు అంచు గట్టిదా, పూడిక మట్టియా అని చూడవలెను. ఒకనాడు మండవల్లి వైపు పోవుచుండగా బాతుల మంద రోడ్డు దాటుచు ఎదురైనది. హారను మ్రోగించితిమి. బాతులు రెండుగా చీలి సగము మరల వెనుకకు వచ్చినవి. కాపరి మా వైపు చూచిన చూపు మేము మరువలేదు. మామూ ఇంజను ఆపించి, "పది నిమిషాలు. ఇది కూడా నీ పుస్తకంలో వ్రాసుకో" అన్నారు. నియమావళి పాఠ్యక్రమములో దారిలోని ఇతరులతో మర్యాదగా మెలగుటను గురించి ఒక భాగమున్నది, ప్రథమ చికిత్సకు మరొకటి ఉన్నది. స్కూలులో ఆ పుటలు తెరువలేదు. ఒకటి మాకు బాతులు చెప్పినవి.

పదునాలుగు ఉదయములలో ఏడు గంటల అయిదు నిమిషములు అయినవి. పొగమంచు వలన కొన్ని రోజులు, పరీక్షల పర్యవేక్షణ వలన కొన్ని రోజులు పోయినవి. ఒకనాడు మామూకు మోకాలి నొప్పి. స్కూలు నిమిషములతో కలిపి 10 గంటల 29 నిమిషములు. జనవరి మొదటి వారములో ఈ అంకె వేసిననాడు సంతోషించితిమి.

ఆ వారములోనే ఆ విద్యార్థి వ్యాను పొగమంచులో రోడ్డు దిగి మురుగు కాలువలో ఒరిగినది. ఎదుట లారీ దీపములు కన్నులలో పడగా అంచు కనబడలేదట. అద్దము దిగియుండుటచే బయటికి వచ్చినాడు. ముంజేయి విరిగినది. వెంట ఎవరును లేరు, అదియే అదృష్టము. మేము చూడబోయినప్పుడు ఆసుపత్రిలో కట్టు కట్టి ఉన్నారు. కొంతసేపటికి అతడే అన్నాడు: "స్కూల్లో రాత్రిపూట ఒక్కసారి కూడా నడపలేదు కదా సార్." దేశములో 2022లో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించినారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ అంకెను తరగతిలో ఎన్నియో మారులు చెప్పియున్నాము. ఆసుపత్రి మంచము ప్రక్కన అది నోట రాలేదు. అతని పట్టికలోని సంతకములు మా వెనుకనే పెట్టినవి. మేము పెట్టకుండినచో అతడును పెట్టకుండెడివాడని చెప్పలేము. గుమాస్తాను ఒక ప్రశ్న వేసియుండెడివాడేమో.

సంక్రాంతి తరువాత మా పరీక్ష. ఇరుకైన చోటికి వెనుకకు నడిపి చేర్చు అంశములో కఱ్ఱ తగిలి తప్పితిమి. తప్పినవారు ఏడు రోజుల తరువాత మరల రావచ్చును; మూడు మారులు తప్పినచో 60 రోజులు ఆగవలెను. ఆ ఏడు రోజులు పెరటిలో రెండు వరుసల చేపల ట్రేలు పేర్చి వాని నడుమకు వెనుకకు నడిపితిమి. అమ్మీజాన్ అరుగుపై కూర్చొని తగిలినప్పుడెల్ల కేక వేసెడిది. రెండవ మారు ఉత్తీర్ణులమైనాము. గడువు తీరుటకు ఇంకను పండ్రెండు రోజులు ఉన్నవి.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. మన విద్యార్థులలో డ్రైవింగుతో ఇల్లు నడుపువారు, నడుపబోవువారు చాలమంది ఉన్నారు. ఉదయము ఆరు నుండి ఏడున్నర వరకు కళాశాల ఆటస్థలము ఖాళీగా ఉండును. ఎల్‌ఎల్‌ఆర్ గల విద్యార్థులకు, లైసెన్సు గల పెద్దవారు వెంట ఉన్నప్పుడు, అక్కడ మొదటి గంటలు నేర్చుకొనుటకు అనుమతి నీయవలెనని, పట్టిక వ్రాయు భారము మేము వహింతుమని తెలియజేయుచున్నాము. విద్యార్థులకు చెప్పునది ఇంతే: ఫారము 15 ముందుంచినప్పుడు ఆ దినపు గడియందు మాత్రమే, దిగిన పిమ్మట, గడియారము చూచి సంతకము పెట్టుడు. వేళలు ముందే నింపియున్నచో ఎందుకని అడుగుడు. అడిగినంత మాత్రమున వారు మిమ్ము వెళ్ళగొట్టరు. మేము అడిగియుండలేదు.

ఆ విద్యార్థి చేయి కుదిరినది. హాజరు మినహాయింపు వచ్చి పరీక్షలు వ్రాసినాడు. వ్యాను మరల నడుపుచున్నాడు. మా జేబు పుస్తకములో ఇప్పుడు 'రాత్రి' అని వేరుగా ఒక గడి గీచితిమి. లైసెన్సు వచ్చిన పిమ్మట ప్రక్కన ఎవరును ఉండనక్కరలేదు, అయినను మామూను బ్రతిమాలి ఇషా నమాజు తరువాత కైకలూరు వరకు పోయి వచ్చుచున్నాము. లైటు ఎప్పుడు డిమ్ము చేయవలెనో, ఎదుటివాడు చేయనప్పుడు కన్ను ఎక్కడ నిలుపవలెనో ఆయన చెప్పుచున్నారు. వారములో వీలైన రోజున ఆ విద్యార్థి కూడ వెనుక సీటులో కూర్చొనును. ఆ గడిలో ఇప్పటికి నాలుగు గంటల పది నిమిషములు ఉన్నవి.